మరిగించినా చావని క్రిమి: జాన్ టిండాల్ జీవితకథ

మధ్యాహ్నం దావత్‌లో మిగిలిన బిర్యానీ రాత్రి దాకా దేగ్‌లోనే ఉండిపోతుంది. తెల్లారాక దాన్ని బాగా వేడి చేసి పిల్లలకు పెడతాం. పొగలు వచ్చేలా వేడి చేశాం కదా, ఇంకే క్రిమి బతుకుతుంది అనుకుంటాం. మన ఇళ్లలో ఇది మామూలే, మా ఇంట్లోనూ అంతే. ఒకసారి అలాంటి బిర్యానీ తిని ఇంట్లో నలుగురం ఒకేసారి వాంతులతో మంచం పట్టాం. తప్పు మాంసానిదా, నూనెదా, వండినవాళ్లదా అని పెద్దలు చర్చ పెట్టారు. అంత వేడి చేశాక కూడా అన్నంలో ఏం మిగిలిందన్నదే నాకు అర్థం కాలేదు.

నేను కామర్స్ చదివినవాణ్ణి. సైన్స్ పదో తరగతితోనే వదిలేశాను. అయినా ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే, పదో తరగతిలో బట్టీ పట్టిన ఒక పేరు దగ్గరే ఆగాను. ఆ పేరు జాన్ టిండాల్. చీకటి గదిలోకి కిటికీ సందులోంచి ఎండ పడితే గాలిలో ధూళి రేణువులు మెరుస్తూ కనిపిస్తాయి. దాన్నే టిండాల్ ప్రభావం అంటారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ ధూళిని వెంబడిస్తూ వెళ్లి, వేడికి చావని క్రిములతో ఆయన పోరాడిన సంగతి మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు.

కానిస్టేబుల్ కొడుకు

1820 ఆగస్టు 2న ఐర్లాండ్‌లోని కార్లో జిల్లా, లీలిన్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో టిండాల్ పుట్టారు. తండ్రి పోలీసు కానిస్టేబుల్. ఆస్తి లేదు, కానీ కొడుకు చదువు మీద పట్టుదల ఉంది. ఊరి బడిలో లెక్కలు, భూమి కొలతలు బాగా నేర్చుకున్న కుర్రాడికి 1839లో ప్రభుత్వ సర్వే శాఖలో పని దొరికింది. తర్వాత ఇంగ్లండ్‌లోని సర్వే ఆఫీసుకు మార్చారు. అక్కడ జీతాలు తక్కువ, పని ఎక్కువ. సిబ్బంది తరఫున నిలబడి అడిగినందుకు 1843లో ఉద్యోగం పోయింది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్ అంతా రైల్వే పిచ్చిలో ఉంది. టిండాల్ రైల్వే లైన్ల సర్వేయర్‌గా చేరి కొన్నేళ్లు రాత్రీపగలూ కష్టపడ్డారు. 1847లో హాంప్‌షైర్‌లోని క్వీన్‌వుడ్ కాలేజీలో లెక్కల టీచరయ్యారు. మరుసటి ఏడాది, 28 ఏళ్ల వయసులో, ఉన్న ఉద్యోగం వదిలేసి దాచుకున్న డబ్బుతో జర్మనీ వెళ్లారు. మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త బున్సెన్ దగ్గర చదివి 1850లో డాక్టరేట్ తీసుకున్నారు. ఇంటి పరిస్థితి చూసి చదువు మధ్యలో ఆపేసిన మన పిల్లలకు ఈ వయసు లెక్క చెప్పాలి.

1853లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ పదవి వచ్చింది. మైకేల్ ఫారడే పనిచేస్తున్న చోటు అది. ఫారడే కూడా పేదింటి నుంచి వచ్చినవారే. ఇద్దరికీ బాగా కుదిరింది. 1867లో ఫారడే చనిపోయాక ఆ సంస్థ బాధ్యత టిండాల్ మీద పడింది.

1859లో ఆయన వాయువులు వేడిని ఎంత పీల్చుకుంటాయో కొలవడం మొదలుపెట్టారు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతాయని లెక్కలతో చూపించారు. ఈరోజు భూమి వేడెక్కుతోందని మాట్లాడే ప్రతి చర్చ వెనుకా ఆ కొలతలున్నాయి. సెలవులొస్తే ఆల్ప్స్ పర్వతాలెక్కేవారు. 1861లో వైస్‌హార్న్ శిఖరం మొదట ఎక్కిన జట్టు ఆయనదే. 1872లో అమెరికా వెళ్లి ప్రసంగాలిచ్చి, ఖర్చులు పోను మిగిలిన 13,000 డాలర్ల దాకా సొమ్మును అక్కడి సైన్స్ విద్యార్థుల స్కాలర్‌షిప్పులకే వదిలేసి వచ్చారు. 1874లో బెల్‌ఫాస్ట్‌లో ఇచ్చిన ప్రసంగం మీద మతపెద్దలతో పెద్ద గొడవే నడిచింది. ఆ ప్రసంగంలోనే, యూరప్ వెనకబడి ఉన్న కాలంలో విజ్ఞానాన్ని నిలబెట్టిన అరబ్బు పండితుల గురించి, వెలుగు కంటి నుంచి బయటికి పోదని సరిదిద్దిన ఇబ్నుల్ హైథమ్ గురించి ఆయన గౌరవంగా చెప్పారు.

ధూళి నుంచి క్రిమి దాకా

వాయువుల మీద వెలుగు పంపి పరీక్షలు చేస్తున్నప్పుడు ఆయనకు ధూళి అడ్డొచ్చింది. గాలిలోంచి ధూళిని పూర్తిగా తీసేస్తే వెలుగు దారి కనిపించడం మానేసింది. అక్కడ నల్లటి ఖాళీ ఒక్కటే ఉంది. ఈ ధూళిలో ఎక్కువ భాగం కాలిపోతోందని కూడా గమనించారు. కాలేది మట్టి కాదు, జీవులకు సంబంధించిన పదార్థం. అయితే మన చుట్టూ ఉన్న గాలిలో క్రిములు తేలుతున్నాయా? రోగాలు వాటివల్లనేనా? 1870లో ఆయన ఈ మాట బహిరంగంగా అన్నప్పుడు చాలామంది డాక్టర్లకు నచ్చలేదు. భౌతికశాస్త్రం చదివినవాడికి రోగాల సంగతి ఎందుకన్నారు.

అప్పట్లో యూరప్‌లో ఒక పెద్ద తగాదా నడుస్తోంది. పాడైపోయిన మాంసంలో, పులిసిన రసంలో కనిపించే సూక్ష్మజీవులు ఎక్కడినుంచి వస్తాయి? నిర్జీవ పదార్థం నుంచి వాటంతట అవే పుడతాయని ఒక వర్గం. గాలిలోంచి వచ్చి పడతాయని ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ వర్గం. లండన్‌లో హెన్రీ చార్ల్‌టన్ బాస్టియన్ అనే డాక్టర్ మొదటి వాదానికి గట్టి మద్దతుదారు. బాగా మరిగించి మూసిన ద్రవాల్లో కూడా జీవులు పుడుతున్నాయని ఆయన వాదన. మరిగిస్తే అన్నీ చస్తాయి కదా, మరి ఇవెక్కడివి అని ఆయన అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే.

యఖ్నీ పోసిన పెట్టెలు

దీన్ని తేల్చడానికి టిండాల్ 1875లో చెక్క పెట్టెలు చేయించారు. ముందువైపు అద్దం, రెండు పక్కలా చిన్న కిటికీలు. అడుగున రంధ్రాలు చేసి వాటిలో టెస్ట్‌ట్యూబులు బిగించారు. పెట్టె లోపలి గోడలకు గ్లిజరిన్ పూశారు. ధూళి పడితే అక్కడే అతుక్కుపోవాలని. పెట్టెను కొన్నాళ్లు కదపకుండా ఉంచి, పక్క కిటికీలోంచి వెలుగు పంపి చూసేవారు. వెలుగు దారి కనిపించిందంటే ధూళి ఇంకా ఉన్నట్టు. కనిపించలేదంటే గాలి శుభ్రపడినట్టు.

అప్పుడు గొర్రె మాంసం, గొడ్డు మాంసం, చేపలు, షల్జమ్ ఇలా రకరకాల వాటితో యఖ్నీలు, కషాయాలు తీసి, సన్నని గొట్టం గుండా ట్యూబుల్లో పోశారు. కింద నుంచి వేడి చేసి ఐదు నిమిషాలు మరిగించారు. బయట గాలిలో పెట్టిన యఖ్నీ కొద్ది రోజుల్లోనే కంపు కొట్టింది. పెట్టెలోది నెలలు గడిచినా తేటగా ఉంది. 1876 జనవరిలో ఆయన రాయల్ సొసైటీకి నివేదిక ఇచ్చారు. గాలి శుభ్రంగా ఉంటే ఐదు నిమిషాల మరుగు చాలు, జీవం దానంతట అది పుట్టదు. బాస్టియన్ ఓడిపోయారని లోకం అనుకుంది.

సొంత లెక్క తప్పింది

అదే ఏడాది శరదృతువులో టిండాల్ పరీక్షలను మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పాత ఎండుగడ్డి కషాయం కూడా తీసుకున్నారు. అవే పెట్టెలు, అదే శుభ్రమైన గాలి, అదే ఐదు నిమిషాల మరుగు. కషాయం మసకబారింది. సమయం పెంచారు. పది నిమిషాలు, పావుగంట, ఇంకా ఎక్కువ. అయినా పాడైంది. అంతకంటే ఘోరం, పోయిన ఏడాది నెలల తరబడి తేటగా నిలిచిన కషాయాలు కూడా ఇప్పుడు పాడవుతున్నాయి. గంటల తరబడి మరిగించినా కొన్నిటిలో క్రిములు మళ్లీ లేస్తున్నాయి.

ఆయన స్థితి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఏడాది తిరక్కముందే సొంత ప్రయోగం సొంత నివేదికకు ఎదురు తిరిగింది. ఎదుటి పక్షం చెప్పినట్టే జరుగుతోంది. నోరు మూసుకుని పాత ఫలితాలతోనే గడిపేయొచ్చు. లేదా పాత వాదం వదిలేసి బాస్టియన్‌దే నిజమని ఒప్పుకోవచ్చు. ఆయన రెండూ చేయలేదు. ఓడిన ట్యూబుల లెక్క కూడా పూర్తిగా రాసి పెట్టుకుని, తేడా ఎక్కడొచ్చిందో వెతికారు. ఆడిట్‌లో తేడా వస్తే కొత్తగా చేరిన ఎంట్రీ ఏదో ముందు చూస్తాం. ఇక్కడ కొత్తగా చేరింది పాత ఎండుగడ్డి.

పాత ఎండుగడ్డి కట్టలు ప్రయోగశాలలోకి వచ్చాక, వాటి ధూళి గది అంతా వ్యాపించిందని ఆయనకు అనుమానం వచ్చింది. 1877 జనవరిలో మకాం లండన్ శివారులోని క్యూ తోటలకు మార్చారు. అక్కడ కొత్తగా కట్టిన జోడ్రెల్ ప్రయోగశాలలోకి ఎండుగడ్డి ధూళి ఇంకా చేరలేదు. అవే కషాయాలను అక్కడ ఐదు నిమిషాలు మరిగించారు. తేటగా నిలిచాయి. అంటే జీవం శూన్యం నుంచి పుట్టలేదు. పాత గదిలోని గాలిలో ఏదో మొండి విత్తనం ఉంది.

ఆ విత్తనం ఏమిటో అదే 1876లో జర్మనీ నుంచి తెలిసింది. బ్రెస్లావ్‌లో ఫెర్డినాండ్ కోన్ అనే వృక్షశాస్త్రవేత్త ఎండుగడ్డిలో ఉండే బాసిల్లస్ అనే బ్యాక్టీరియాను మైక్రోస్కోపులో చూస్తూ, కష్టకాలం రాగానే అది తన లోపల గట్టి గుళిక లాంటిది తయారుచేసుకుంటుందని చూపారు. దీన్నే స్పోర్ అంటారు, తెలుగు పుస్తకాల్లో సిద్ధబీజం. దానికి చుట్టూ మందమైన పొరలు, లోపల నీరు చాలా తక్కువ, కాల్షియంతో కలిసిన ఒక ఆమ్లం దండిగా ఉంటుంది. అందులోని జీవం గాఢనిద్రలో ఉంటుంది. తిండి, నీరు, వెచ్చదనం దొరికినప్పుడు లేస్తుంది. ఎండబెట్టిన శనగ గింజ ఉడకడానికి చాలాసేపు పడుతుంది, నానబెట్టిన గింజ తొందరగా మెత్తబడుతుంది. దాదాపు అలాంటిదే ఇది.

లేపి చంపడం

ఇక్కడే టిండాల్‌కు అసలు ఆలోచన వచ్చింది. నిద్రలో ఉన్న స్పోర్‌ను మరిగే నీరు చంపలేదు. లేచిన క్రిమిని మాత్రం సులువుగా చంపుతుంది. అయితే మొండిగా గంటలు మరిగించడం ఎందుకు? కాసేపు మరిగించి, లేచి ఉన్నవాటిని చంపాలి. తర్వాత వెచ్చని గదిలో పది పన్నెండు గంటలు వదిలేయాలి. ఆ సమయంలో కొన్ని స్పోర్లు కవచం విప్పి లేస్తాయి. అవి మళ్లీ కొత్త స్పోర్లు చేసుకోకముందే రెండోసారి మరిగించాలి. ఇంకా మిగిలినవాటి కోసం మూడోసారి. అన్నీ కలిపితే మరిగిన సమయం కొన్ని నిమిషాలే. గంటల మరుగు చేయలేని పని అది చేసింది. 1877లో ఆయన దీన్ని ప్రకటించారు. ప్రయోగశాలల్లో ఈ పద్ధతికి టిండలైజేషన్ అని ఆయన పేరే స్థిరపడింది.

బాస్టియన్ ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. ఆయన చూసింది అబద్ధం కాదు. మరిగించిన ద్రవంలో జీవులు నిజంగానే కనిపించాయి. కానీ అవి కొత్తగా పుట్టినవి కాదు, చావనివి.

చివరి రోజులు

1876లో, 55 ఏళ్ల వయసులో, టిండాల్ లూయిసా హామిల్టన్‌ను పెళ్లి చేసుకున్నారు. పిల్లలు లేరు. ప్రయోగాల్లో, రాతపనిలో ఆమె తోడుగా ఉండేవారు. వయసు పైబడ్డాక ఆయనకు నిద్ర పట్టేది కాదు, జీర్ణశక్తి తగ్గింది. సర్రే జిల్లాలోని హైండ్‌హెడ్ కొండ మీద ఇల్లు కట్టుకుని అక్కడే ఉన్నారు. నిద్రకు క్లోరల్ అనే మందు, కడుపుకు మెగ్నీషియా వాడేవారు. 1893 డిసెంబర్ 4 ఉదయం మెగ్నీషియా అనుకుని లూయిసా పొరపాటున క్లోరల్ పోసి ఇచ్చారు. పొరపాటు వెంటనే తెలిసింది. డాక్టర్లు వచ్చారు. కానీ ఆయన దక్కలేదు. ఆ సాయంత్రమే కన్నుమూశారు.

లూయిసా తర్వాత 47 ఏళ్లు బతికారు. భర్త జీవితకథ తానే రాయాలని ఆయన ఉత్తరాలు, డైరీలు పోగుచేస్తూ ఉండిపోయారు. రాయడం మాత్రం పూర్తి కాలేదు. 1940లో ఆమె పోయాక, 1945లో వేరేవాళ్ల చేతుల్లో ఆ పుస్తకం బయటికొచ్చింది. పాశ్చర్ పేరు పాల ప్యాకెట్ మీద కూడా ఉంది, టిండాల్ పేరు మాత్రం పాఠ్యపుస్తకంలో ధూళి దగ్గరే ఆగిపోయింది. దీనికి ఈ ఆలస్యం కూడా ఒక కారణం కావచ్చు.

వేడికి ఒత్తిడి తోడైతే

టిండాల్ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. స్పోర్లన్నీ మనం చెప్పిన టైముకు లేవవు. డబ్బాల్లో ఆహారం నింపి అమ్మే కంపెనీలు మూడు రోజులు వేచి ఉండలేవు, ఒక్క స్పోర్ మిగిలినా ఒప్పుకోలేవు. అందుకే పరిశ్రమ వేరే దారి పట్టింది. మామూలుగా నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఆవిరిని లోపలే ఆపితే ఒత్తిడి పెరుగుతుంది, నీరు ఇంకా వేడెక్కుతుంది. బయటి గాలికి రెట్టింపు ఒత్తిడి దగ్గర అది సుమారు 121 డిగ్రీలు చేరుతుంది. మన ప్రెషర్ కుక్కర్ సూత్రం ఇదే. అత్యంత ప్రమాదకరమైన బోటులినం స్పోర్లను లెక్కలో పెట్టుకుని, పులుపు తక్కువగా ఉన్న డబ్బా ఆహారం లోపలి భాగం కనీసం 3 నిమిషాలు 121 డిగ్రీల వేడిలో ఉండాలని లెక్క కట్టారు. ఫ్రిజ్ లేకుండా నెలలు నిలిచే రెడీమేడ్ బిర్యానీ పౌచ్‌లు కూడా ఇలా ఒత్తిడిలో వేడి చేసినవే.

అయితే ఇంత వేడికి రుచి, రంగు, విటమిన్లు దెబ్బతింటాయి. అందుకని వేడి లేకుండా ఒత్తిడి ఒక్కదానితోనే పని జరగదా అని చూశారు. 1899లోనే అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బెర్ట్ హైట్ పాలను భారీ ఒత్తిడిలో పెట్టి, అవి ఎక్కువ రోజులు నిలుస్తాయని చూపారు. ఇప్పుడు జ్యూస్‌లు, మాంసం ముక్కలు ప్యాక్ చేసి నీళ్లలో పెట్టి 600 మెగాపాస్కల్స్ దాకా ఒత్తిడి ఇస్తున్నారు. సముద్రంలో అత్యంత లోతైన చోట ఉండే ఒత్తిడికి ఇది ఐదు రెట్లకు పైనే. మామూలు బ్యాక్టీరియా దీనికి చచ్చిపోతుంది. స్పోర్ మాత్రం చావదు. అందుకే అలాంటి జ్యూస్ బాటిళ్లను ఫ్రిజ్‌లోనే ఉంచమని రాస్తారు.

విచిత్రం ఏమిటంటే, అంతకంటే తక్కువ ఒత్తిడి, 100 నుంచి 300 మెగాపాస్కల్స్ మధ్య, చాలా స్పోర్లను నిద్రలేపుతుంది. తిండి దొరికిందన్న కబురు అందుకునే తాళాలను ఒత్తిడే తెరిచేస్తుంది. లేచిన స్పోర్ కవచం వదులుతుంది, అప్పుడు ఓ మాదిరి వేడి చాలు. టిండాల్ పన్నెండు గంటలు ఆగి చేసిన పనిని ఒత్తిడి నిమిషాల్లో చేస్తోంది. కాకపోతే ఇక్కడా కొన్ని మొండివి లేవకుండా పడుకునే ఉంటాయి. అందుకని నిల్వ ఆహారానికి భారీ ఒత్తిడి, ఎక్కువ వేడి రెండూ కలుపుతారు. నీటిని ప్రతి 100 మెగాపాస్కల్స్ నొక్కినప్పుడు అది దానంతట అదే సుమారు 3 డిగ్రీలు లేదా కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. ముందే 90 డిగ్రీల దాకా వేడి చేసిన ఆహారం ఆ ఒత్తిడిలో క్షణాల్లో 110 దాటుతుంది. ఒత్తిడి తీయగానే మళ్లీ దిగిపోతుంది. ఆహారం ఎక్కువసేపు ఉడికిపోదు. 2009లో అమెరికా ఆహార నియంత్రణ సంస్థ మెత్తగా చేసిన బంగాళాదుంప మీద ఈ పద్ధతికి అభ్యంతరం లేదని చెప్పింది.

మన దేగ్ దగ్గరికి వస్తే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు సహజంగానే ఉంటాయి. ఇది టిండాల్ ఎండుగడ్డి క్రిమికి దగ్గరి బంధువు. దమ్ వేడికి అది చావదు, వేడి దానికి నిద్రలేపు కూడా అవుతుంది. దేగ్ మెల్లగా చల్లారేటప్పుడు గోరువెచ్చని అన్నంలో అది లేచి పెరుగుతుంది, విషం వదులుతుంది. మాంసం ఎక్కువగా ఉన్న పెద్ద దేగ్‌లలో క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అనే ఇంకొకటి ఇదే పని చేస్తుంది.

మరి తెల్లారి వేడి చేస్తే అది టిండాల్ పద్ధతే కదా అనిపించొచ్చు. కాదు. టిండాల్ కొత్తగా లేచిన క్రిమి పెరగకముందే మళ్లీ మరిగించేవారు. మనం రాత్రంతా పెరగనిచ్చి తర్వాత వేడి చేస్తున్నాం. అప్పటికి క్రిమి చచ్చినా అన్నంలో అది వదిలిన వాంతుల విషం వేడికి పోదు. మా ఇంట్లో జరిగింది ఇదే అయ్యుండొచ్చు.

కాబట్టి దావత్ అయిపోగానే మిగిలింది చిన్న చిన్న గిన్నెల్లోకి, పలచగా పళ్లేల్లోకి సర్దేయండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. వడ్డించేదాకా ఉంచాలంటే పొగలు వచ్చే వేడి మీదే ఉంచండి. గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు ఖీమా, మటన్ పచ్చళ్లు పంపే అమ్మీలు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. పచ్చడిని కాపాడేది మూత బిగించడం కాదు, నూనె కూడా కాదు. తగినంత పులుపు, ఉప్పు. అవి తగ్గిస్తే గాలి లేని సీసా బోటులినంకు అనువైన ఇల్లవుతుంది. మటన్‌లో నిమ్మరసం తగ్గించి ఎక్కువ రోజులు నిలవాలని ఆశించకండి.

మా ఇంట్లో ఆ రోజు తర్వాత దేగ్ ఖాళీ చేసే పని నాకు అప్పగించారు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఆ పని అయ్యాకే పడుకుంటున్నాం. వంటింట్లో లైటు వెలుగులో ధూళి తేలుతుంటే, దాన్ని చూసి ఇంత దూరం ఆలోచించిన ఆ కానిస్టేబుల్ కొడుకు గుర్తొస్తాడు.